‘ఆఁ’ అంటే నమ్మని సిస్టర్

రాత్రి తొమ్మిదిన్నర. సన్నటి వాన. మెట్‌పల్లి బస్టాండు వైపు నుంచి వచ్చిన ఆటో పిల్లల దవాఖాన ముందు ఆగింది. ముందు అవ్వ దిగింది, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఆమె వెనుక కోడలు, కొంగు కింద పద్నాలుగు నెలల కొడుకు. పిలగాడు ఏడుస్తున్నాడు గాని కంట నీళ్లు రావడం లేదు.

ఆ ఎండిన ఏడుపును మొదట గుర్తుపట్టింది వార్డు సిస్టర్.

ఇక్కడొక మాట చెప్పాలి. ఇది ఒక్క రాత్రి, ఒక్క దవాఖానలో జరిగిన కథ కాదు. వానలు పడ్డాక పిల్లల వార్డుల్లో రోజూ జరిగేదాన్ని ఒక రాత్రిలోకి కుదించాను. అందుకే తల్లికి పేరు లేదు, సిస్టర్‌కూ పేరు లేదు. పేర్లున్నవాళ్లు తర్వాత వస్తారు. వాళ్లూ వాళ్ల తేదీలూ ఉన్నవి ఉన్నట్టే.

డ్యూటీ డాక్టరు పిలగాని పొట్ట మీద చర్మాన్ని చిటికెతో పట్టి వదిలాడు. మెల్లగా సర్దుకుంది. కళ్లు లోపలికి పోయాయి. చెంచా చూపిస్తే మాత్రం ఎగబడి తాగుతున్నాడు. తూకం 8 కిలోలు. ఒంట్లో నీరు తగ్గింది, కానీ చేయి దాటలేదు. కేస్‌షీట్ మీద నాలుగు ముక్కలు రాసి డాక్టరు పక్క మంచానికి పోయాడు: రెండు రోజులుగా మోషన్లు, వాంతులు, జ్వరం లేదు, ఇంటి దగ్గర ఓఆర్‌ఎస్ ఇచ్చారు.

సిస్టర్ ఆ చివరి ముక్క దగ్గర ఆగింది. రెండు రోజులు ఓఆర్‌ఎస్ తాగితే పిలగాడు ఇంతగా ఎందుకు ఎండిపోయాడు?

"పాలిస్తున్నవా చెల్లె?"

"ఇస్తున్న మేడం. అత్తమ్మ ఆపుమన్నది. నేనే ఆపలే."

"మంచి పని చేసినవ్."

తల్లి మొఖంలో బిగువు కొంచెం సడలింది. ఆటో దిగినప్పటి నుంచి ఆమె తిట్ల కోసమే కాసుకుని ఉంది. మన దవాఖానల్లో తల్లికి మొదట దొరికేది తిట్టే: గింత ఆలస్యమా, గిప్పుడు తెస్తవా? తిట్టు తిన్న తల్లి ఆ తర్వాత అన్నిటికీ తలూపుతుంది, ఏదీ చెప్పదు. చిన్నపిల్లల జబ్బుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తయారుచేసిన శిక్షణలో తల్లితో మాట్లాడటానికి ఒక వరుస ఉంది: అడగాలి, మెచ్చుకోవాలి, చెప్పాలి, అర్థమైందో లేదో సరిచూసుకోవాలి. శిక్షణ అయిన వాళ్లందరికీ ఈ వరుస నోటికొస్తుంది. మెచ్చుకోవడం మాత్రం నోటికి రాదు.

"ఓఆర్‌ఎస్ ఏది తాగిపిచ్చినవ్? డబ్బ ఉన్నదా? చూపియ్యి."

అవ్వ సంచిలోంచి మూడు ఖాళీ అట్టడబ్బాలు తీసింది. యాపిల్ బొమ్మ, పక్కన స్ట్రా. మీద పెద్ద అక్షరాల్లో ఓఆర్‌ఎస్ అనే ఉంది.

సిస్టర్ తల్లిని ఏమీ అనలేదు. ఆ తల్లి తప్పు చదవలేదు, డబ్బానే తప్పు చెప్పింది.

పేగు గోడలో ఉప్పు, గ్లూకోజు జోడుగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. ఆ జోడు కుదరడానికే కొలత. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న లెక్క ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9 గ్రాములు. ఈ డబ్బాల్లోలాగా చక్కెర ఈ హద్దు దాటి ఎక్కువైతే ఒంట్లోని నీటినే పేగులోకి గుంజుతుంది. తాగినకొద్దీ మోషన్లు పెరుగుతాయి. రుచి బాగుంటుంది కాబట్టి పిల్లలు ఇంకా తాగుతారు.

ఈ డబ్బాల మీద ఒక మనిషి ఎనిమిదేళ్లు కొట్లాడింది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్. 2022లో ఆమె తెలంగాణ హైకోర్టు మెట్లెక్కారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడొద్దన్నది, జులైలో సడలించింది. పేరు ఉంచుకోవచ్చట, కాకపోతే ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు’ అని కూడా డబ్బా మీద రాయాలట. పెద్ద అక్షరాల్లో ఔనని, చిన్న అక్షరాల్లో కాదని! ఏ తల్లి చదవాలని రాసినట్టు? చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపు రద్దయింది. ఆ సంగతి చెబుతూ డాక్టరమ్మ వీడియోలో కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మన రాత్రి ఆ ఉత్తర్వుకు ముందరి వానకాలంలోది.

అవ్వకు ఈ డబ్బాల గొడవ పట్టలేదు. ఆమె చూపు మంచం పక్కనున్న ఇనుప స్టాండు మీదే ఉంది.

"నోట్లె పోసింది పోసినట్టే కక్కుతుండు. గులుకోజు సీస ఎక్కియ్యున్రి మేడం. పైసలకు ఎన్కకు పోము."

పైసలు దుబాయి నుంచి వస్తాయి. అదే మాట కాసేపటికి ఫోనులో తండ్రి నోటి వెంట వచ్చింది. మెట్‌పల్లిలో పదిన్నర అంటే అక్కడ తొమ్మిది, డ్యూటీ దిగి రూముకు వచ్చే వేళ. "ఎంతైనా గానీ, గ్లూకోజు ఎక్కియ్యమను" అంటున్నాడు. కొడుకు ఒంట్లో బాగా లేనప్పుడు దూరాన ఉన్న తండ్రి చేయగలిగింది ఖర్చు ఒక్కటే. ఆ సీసా ఆయనకు మందు కాదు, హాజరు.

సిస్టర్ ఫోను తీసుకుని కెమెరాను పిలగాని వైపు తిప్పింది. "సూడు తమ్మీ, నీ కొడుకు చెంచ అందుకుంటుండు. తాగేటోనికి సూదెందుకు? తాగుడు చేతగాక మత్తుగ పడుకుంటే నేనే ఎక్కిస్త. నాలుగు గంటలు జూద్దాం." అవతల మాట లేదు. చెంచా నోట్లోకి పోవడం తండ్రి కళ్లారా చూశాడు.

నాలుగు గంటల లెక్క డాక్టరు రాసిందే. కిలోకు 75 మిల్లీలీటర్లు, 8 కిలోలకు 600. రెండు నిమిషాలకు ఒక చిన్న చెంచా పడితే సరిపోతుంది. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా మొదలు పెట్టాలి. ఇంత ఓపిక రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ ఒక్కదానికి సాధ్యమా? కాదు. తల్లి చేయాలి. తల్లి చేయాలంటే కలపడం రావాలి.

"పాకీటు మొత్తం, లీటరు నీళ్లల్ల, ఒక్కటే సారి కలుపుడు. అర్థమైందా?"

"ఆఁ."

ఈ ‘ఆఁ’ సిస్టర్‌కు ఇరవై ఏళ్లుగా తెలుసు. అర్థమైతే ఆఁ, కాకుంటే ఆఁ, మేడం తొందరగా పోవాలంటే ఆఁ. తప్పు తల్లిది కాదు, అడిగిన ప్రశ్నది. ఆ ప్రశ్నకు వేరే జవాబే లేదు.

"సరే, నువ్వే కలుపు. నేను సూస్త."

తల్లి లేచింది. సిస్టర్ ముందు సబ్బు చూపించింది. పొద్దంతా బీడీలు చుట్టిన చేతులు, గోళ్ల సందుల్లో తంబాకు పొడి. చేతులు కడుక్కొచ్చి, స్టీలు గిలాసలో నీళ్లు పోసి, పాకీటు చించి, మొత్తం గిలాసలోకి వంచబోయింది.

సిస్టర్ చెయ్యి పట్టుకుంది. "ఎవలు చెప్పిన్రు గిట్ల?"

"నిరుడు మా ఆడిబిడ్డ. గిలాసకు ఒక పాకీటన్నది."

ఆడిబిడ్డ చెప్పింది అబద్ధం కాదు. బజారులో రెండు రకాల పాకీట్లున్నాయి, దాదాపు 21 గ్రాములది లీటరుకు, నాలుగు గ్రాముల చిన్నది 200 మిల్లీలీటర్లకు. పేరు ఒక్కటే, మందు ఒక్కటే. పెద్ద పాకీటు మొత్తం గిలాసలో పడితే ఉప్పు అయిదింతలవుతుంది. పసివాడి రక్తంలో ఉప్పు అంత పెరిగితే ఫిట్సు రావచ్చు. ‘ఆఁ’ విని సిస్టర్ పక్క మంచానికి పోయి ఉంటే?

ఇద్దరూ కూర్చుని కొలిచారు. ఆ స్టీలు గిలాసతో అయిదు పోస్తే లీటరు సీసా నిండింది. "ఐదు గిలాసలు, ఒక పాకీటు" అని తల్లి తనకు తానే అనుకుంది. రేపటికి మిగిలితే పారబొయ్యాలని సిస్టర్ చెప్పింది. ఈసారి అర్థమైందా అని అడగలేదు. "రేపు పొద్దుగాల గీ సీసల మిగిలితే ఏం జేస్తవ్?" అని అడిగింది.

తల్లి చేతిలో చెంచా పెట్టి నడిపిన వైద్యం ఇదే మొదటిది కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంతో ఇళ్లు విడిచిన జనం సరిహద్దు దాటి బెంగాల్‌లోని బనగావ్‌లో చేరారు. కలరా పట్టింది. నరానికి ఎక్కించే సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపించి డ్రమ్ముల్లో పోయించారు. రోగుల పక్కనున్న తల్లులు, అన్నదమ్ములు కప్పులతో పట్టి తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగులోపుకు దిగాయి. ఆయన 2022 అక్టోబరులో పోయారు, పద్మవిభూషణ్ మరుసటి ఏడాది వచ్చింది. అవ్వ అడిగిన సీసా లేని చోటే ఈ మందు తన సత్తా చూపించుకుంది.

వార్డులో పన్నెండు దాటింది. రెండుసార్లు కక్కాడు, రెండుసార్లూ పది నిమిషాలు ఆగారు. అవ్వ కునుకు తీసింది. తల్లి గోడ గడియారం చూస్తూ చెంచా వెంట చెంచా పోసింది. ఒంటిగంటన్నరకు పిలగాడు తల్లి చీర తడిపాడు. వచ్చినప్పటి నుంచి మొదటిసారి. సిస్టర్ వచ్చి ఆ తడిని చేత్తో తడిమి చూసి, కేస్‌షీట్ మీద సమయం వేసింది. రెండింటికి సూదికి భయపడి ఏడ్చిన పక్క మంచం పిల్లను చూసి వీడూ ఏడ్చాడు. ఈసారి చెంప తడిసింది.

పొద్దున ఇంటికి పంపేముందు జింక్ గోళీలిచ్చారు. రోజుకొకటి, చెంచా నీళ్లలో కరిగించి, పద్నాలుగు రోజులు. మోషన్లు ఆగిన మూడో రోజు ఈ గోళీలు గూట్లోకి పోవడం సిస్టర్ ఎన్ని ఇళ్లలో వినలేదు! "మూడొద్దులకు తక్కువైతది. అప్పుడు గోళీ ఏం జేస్తవ్?" అంటే తల్లి నవ్వింది. "ఏస్తనే ఉంట. పద్నాలుగు అయ్యేదాక."

మెట్లు దిగుతుండగా ఫోను మోగింది. దుబాయిలో ఆరున్నర, పనికి పోయే బస్సులోంచి.

"గ్లూకోజు ఎక్కిచ్చిన్రా?"

"లేదు. నేనే తాగిపిచ్చిన." కొడుకును చంక మార్చుకుని, గోళీల చీటీ నోట పట్టుకుని, మళ్లీ తీసి, ఆమె మొత్తం చెప్పింది. అయిదు గిలాసలు, ఒక పాకీటు, రెండు నిమిషాలకో చెంచ, అట్టడబ్బాలు ఇంటికి తేవద్దు, గోళీ పద్నాలుగొద్దులు.

"ఆఁ, ఆఁ. అర్థమైంది" అన్నాడతను.

"ఏమర్థమైంది? చెప్పు."