మచ్చును మనుష్యాకృతియు: తడ తీరపు వ్రాతపనిని గూర్చిన విచారము

మనుష్యాకృతిని లిఖింప నేర్చువాడు వేఱొక చిత్రమును ముందుంచుకొని వ్రాయుట విద్యకు సాధనమా, విద్యాహీనతకు చిహ్నమా యను ప్రశ్నము క్రొత్తది కాదు. తెలుగుదేశపు తూర్పుతీరమునందలి చిత్రకారుల విషయమున నీ ప్రశ్నమునకు మూడువందల యేండ్లకు బూర్వమే యొక విదేశీయుడు తీర్పు చెప్పియున్నాడు. డచ్చి వర్తకసంఘమువారి కొలువున నీ తీరమున బనిచేసిన డానియెల్ హావర్టు 1693లో బ్రకటించిన కోరమాండల చరిత్రమునందు, బట్టలపై జిత్రములు వ్రాయువారు తమకిచ్చిన మచ్చును మిక్కిలి చక్కగా ననుకరింపగలరు గాని, బుద్ధిమాంద్యముచే స్వయముగా దేనిని గల్పింపజాలరని నిర్ణయించెను. ఈ తీర్పు నిలుచునా నిలువదా యని విమర్శించుట ప్రకృతవ్యాసమునకు బ్రయోజనము.

పూర్వము నెల్లూరు మండలమునను, 2022 నుండి తిరుపతి జిల్లాయందును జేరిన తడ, తెలుగువారు ప్రళయకావేరి యనియు నితరులు పులికాటు సరస్సనియు బిలుచు నుప్పునీటి సరస్సునకు బడమటి గట్టున నున్నది. ఆ సరస్సునకు దక్షిణపు గొననున్న పులికాటు రేవున డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను గట్టిరి. 1690 వఱకు నీ తీరమునందలి వారి వ్యాపారమున కంతకు నదియే ముఖ్యస్థానము. ఉత్తరమున దుగరాజపట్టణమున నింగ్లీషువారు 1626లో స్థావర మేర్పఱచుకొనిరి. 1639లో జెన్నపట్టణపు స్థలమును సంపాదించిన ఫ్రాన్సిస్ డే యిచ్చటి యుద్యోగియే. పడమట స్వర్ణముఖీతీరమున వ్రాతపనికి బేరుగన్న కాళహస్తి గలదు. ఈ మూటికి నడుమనున్నది తడ. పరదేశీయుల నిచ్చటికి రప్పించినది ప్రధానముగా బట్ట. తూర్పుదీవులయందు లవంగములు, జాజికాయలు మొదలగు సుగంధద్రవ్యములను గొనుటకు నీ తీరపు వ్రాతబట్టలును నద్దకపు బట్టలును ముఖ్యమైన మారకపు సరకులై యుండెను.

బట్టతోబాటు మచ్చును వచ్చెను. కొనువారి యభిరుచి నెఱిగిన వర్తకులు తమకు వలసిన చిత్రముల మచ్చులను బంపి, యట్లే వ్రాయింపుమని కోరుచుండిరి. సిద్ధమైన సరకును మచ్చుతో సరిపోల్చి, భేదమున్నచో దిరస్కరించుటయో వెల తగ్గించుటయో వారి మర్యాద. ఇట్టి నిబంధనమునకు లోబడి పనిచేయు వానియందు స్వకల్పన కానరాలేదని నిందించుట, తాళపత్రగ్రంథమునకు బ్రతి వ్రాయుమని నియోగింపబడిన వ్రాయసకానియందు గవిత్వము లేదని నిందించుట వంటిది. మచ్చును మీఱకుండుట వర్తకుని యాజ్ఞ. దానిని చిత్రకారుని స్వభావముగా హావర్టు గ్రహించెను. అతడే పాలకొల్లు చిత్రకారుని గూర్చి వ్రాయుచు, నోర్పునకు రూపు గట్టదలచినవానికి నట్టి చిత్రకారునికంటె వేఱు మాతృక యక్కఱలేదనెను. ఆ యోర్పు దేనికొఱకో యాలోచించియున్న నతని తీర్పు మఱియొక విధముగా నుండెడిది.

మచ్చు బట్టపైకి వచ్చు విధమునకు గేర్దూ యను ఫ్రెంచి జెసూటు మతగురువు 1742లో వ్రాసిన లేఖ ప్రమాణము. సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల పోలికను 1767లో ఫ్రెంచి పండితపరిషత్తునకు నివేదించినవా డితడే. కాగితముపైనున్న చిత్రముయొక్క ముఖ్యరేఖల వెంబడి సన్నని సూదితో రంధ్రములు పొడుతురు. ఆ కాగితమును బట్టపై బఱచి బొగ్గుపొడి మూటతో నద్దుదురు. పొడి రంధ్రముల గుండ దిగి బట్టపై జుక్కల వరుస యేర్పడును. ఆ చుక్కలను గలుపుచు గీత గీయుట చిత్రకారుని పని.

ఇచ్చట నొక విశేషము గలదు. చుక్క మచ్చునకు జెందినది. గీత చిత్రకారునికి జెందినది. భుజమునకు గొన్ని చుక్కలుండవచ్చును గాని, వాని నడుమ రేఖ యెచ్చట బలియవలెనో, యెచ్చట సన్నగిలవలెనో చుక్క చెప్పదు. మఱియు, వ్రాతబట్టను ముందుగా గరక్కాయరసమునను గేదెపాలలోను దడిపి యారబెట్టుదురు. ఇనుపతుక్కును బెల్లపునీళ్లలో నూరవేసి చేసిన ద్రవమును వెదురుకలముతో నట్టి బట్టపై బెట్టినంతనే నలుపు కుదురును. దానిని దుడిచి మరల వ్రాయుటకు వీలు లేదు. కావున గలము బట్టను దాకుటకు ముందే యాకృతి యంతయు జేతికి వశమై యుండవలెను. మచ్చును జూచి యభ్యసించుట బట్టమీది పనికి బూర్వమే ముగియవలసిన విద్య.

నిలిచియున్న బట్టలు దీనికి సాక్ష్యము చెప్పుచున్నవి. 1610–1640 సంవత్సరముల నడుమ నీ తీరమున వ్రాయబడినదని నిర్ణయింపబడిన యేడు పట్టికల వ్రాతతెఱ యొకటి యమెరికాలోని బ్రూక్లిను ప్రదర్శనశాలయందున్నది. నానాజాతుల జనులు తమ తమ వేషములతో నందు గానవత్తురు; వారిలో నైరోపావారును గలరు. అట్టి వేషములను వ్రాయుటకు బరదేశపు చిత్రములు చిత్రకారున కాధారములై యుండవచ్చును. కాని నీడవెలుగుల నాశ్రయింపక రేఖచేతనే శరీరమును నిలుపు పద్ధతి యీ దేశపుదే. మఱియు 18వ శతాబ్దమున నీ తీరమునుండి దీవులకు బోయిన కొన్ని వ్రాతబట్టలపై రామరావణయుద్ధము చిత్రింపబడియున్నది. అవి సెలబీసు, బలి ద్వీపములయందు గుటుంబధనములుగా గాపాడబడినవి. పదితలల రావణునికి మచ్చు నైరోపానుండి రావలసిన పని లేదు.

అదియు బరంపరాగతమైన మచ్చే గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. అయినను మచ్చుతో నారంభించుట దోషమగునెడల శాస్త్రమే దోషమునకు మొదటి యాశ్రయ మగును. విష్ణుధర్మోత్తరపురాణ తృతీయఖండమునందలి చిత్రసూత్రము, నృత్తమువలె జిత్రమును ముల్లోకముల యనుకృతి యనియే చెప్పుచున్నది. హావర్టు నిందకు వాడిన పదము శాస్త్రమున లక్షణపదము. అయితే శాస్త్ర మనుకృతిని నిరంకుశముగా విడువలేదు. హంస, భద్ర, మాలవ్య, రుచక, శశకులను నైదుగురు పురుషులను జెప్పి, వారి యున్నతిని వారి యంగుళములచేతనే వరుసగా 108, 106, 104, 100, 90 గా నియమించినది. శరీరము ప్రక్కకు దిరిగినప్పు డవయవములు తగ్గుటయు హెచ్చుటయు క్షయవృద్ధులను పేర వివరించినది. కామసూత్రములకు జయమంగళావ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రమున కాఱంగములను జెప్పుచు బ్రమాణమును, సాదృశ్యమును వేఱువేఱుగా బరిగణించెను. మచ్చు సాదృశ్యము నీయగలదు, ప్రమాణము నీయజాలదు.

వ్యాకరణమెఱిగినవారికి నిది పరిచితమైన న్యాయము. సూత్రము మాత్రమే వ్యాకరణము కాదనియు, ప్రయోగము మాత్రమే కాదనియు, లక్ష్యలక్షణములు రెండును గూడిననే వ్యాకరణమగుననియు మహాభాష్యమున బస్పశాహ్నికము నిర్ణయించినది. ప్రయోగముల నెఱుగక సూత్రములు వల్లించువాడు మాటాడలేడు. సూత్రమెఱుగక ప్రయోగముల ననుసరించువాడు సాధువు నసాధువు నుండి వేఱుచేయలేడు. చిత్రవిద్యయందు మచ్చు లక్ష్యము, తాళమానము లక్షణము. లక్షణమునే నమ్మినవాని చిత్రము కొలతకు సరిపోయియు బ్రాణము లేక యుండును. లక్ష్యమునే నమ్మినవాడు మచ్చునందలి తప్పునుగూడ దింపుకొనును. ఈ రెంటిపైని మనస్సు నిలుపుట మూడవది. మాళవికాగ్నిమిత్రమున రెండవ యంకమున, మున్ను చిత్రమున జూచిన మాళవికను బ్రత్యక్షముగా జూచిన రాజు, చిత్రమున నామె సౌందర్యము తఱుగుటకు జిత్రకారుని సమాధి శిథిలమగుటయే కారణ మనుకొనును. సజీవమైన మాతృక యెదుట నున్నను, జూచువాని యేకాగ్రత సడలిన సాదృశ్యము తప్పును.

ఈ పద్ధతి తడకు బడమటనున్న కాళహస్తియందు నేటికిని నిలిచియున్నది. క్షీణదశయందున్న యచ్చటి వ్రాతపని 1950ల దశకమున గమలాదేవీ చట్టోపాధ్యాయగారి ప్రోత్సాహమున బునరుద్ధరింపబడెను. శిక్షణశాలయందు జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు గురువులైరి. వారి కుమారులు గుఱప్పశెట్టిగారికి 2008లో బద్మశ్రీ బిరుదము లభించినది. అచ్చటి శిష్యుడు గురువు గీతలను జూచి చింతబొగ్గుతో మరల మరల వ్రాసి, చేయి కుదిరిన పిమ్మట గలము పట్టును. బొగ్గుగీత దులిపిన బోవును, కలపుగీత పోదు. తప్పులన్నియు బొగ్గునందే ముగియవలెను.

కావున హావర్టు చూచినది సత్యమే. అతడు చేసిన యనుమానము దుష్టము. తీరపు చిత్రకారు డనుకరించెను, అది వాస్తవము. అనుకరించుటచే గల్పనాశక్తి లేనివా డనుట హేత్వాభాసము. నేటి విద్యార్థికి ఛాయాచిత్రములు, ముద్రితచిత్రములు వేలకొలది లభించుచున్నవి. వానిని ముందుంచుకొనుట తప్పుగాదని పాఠశాలలయందు జెప్పవలెను. అయితే చిత్రము నొకదానిని చూచి దింపిన వెంటనే దానిని మూసి, ప్రమాణము ననుసరించి జ్ఞాపకమున మరల వ్రాయించి, పిదప రెంటిని సరిపోల్చి చూపవలెను. ఆ రెండవ చిత్రమునందలి భేదములే శిష్యుడు నేర్చినదానిని, నేర్వవలసినదానిని దెలుపును.