ప్రత్యయం రాలిపోయిన తరువాత: ఆంగ్లంలో భాషాభాగాల మార్పు

ఆంగ్ల వ్యాకరణ బోధనలో నామవాచకం, క్రియ, విశేషణం, క్రియావిశేషణం అనే నాలుగు గడుల పట్టిక సుపరిచితం. డెప్త్, డీపెన్, డీప్, డీప్లీ అని విద్యార్థి ఒకే వరుసలో వల్లెవేస్తాడు. ఇవన్నీ ఒకేసారి పుట్టాయన్న భ్రమను ఆ పట్టిక కలిగిస్తుంది. వాస్తవానికి డీప్, డీప్లీ రూపాల మూలాలు ప్రాచీనాంగ్లంలోనే ఉన్నాయి, డెప్త్ మధ్యాంగ్లానిది, డీపెన్ 1600 ప్రాంతానిది.

ప్రాచీనాంగ్లంలో భాషాభాగాన్ని పదాంతమే పట్టి ఇచ్చేది. ప్రేమ 'లుఫు', ప్రేమించడం 'లుఫియన్'. 1066 నాటి నార్మన్ విజయానికి ముందే బలహీనపడసాగిన ఈ పదాంతాలు 14వ శతాబ్ది ముగిసేసరికి చాలావరకు ఉచ్చారణ నుండి తొలగిపోయాయి. రెండు రూపాలూ 'లవ్'లో కలిసిపోయాయి. పైకి నష్టంగా కనబడే ఈ పరిణామం వల్లనే, రూపం మార్చకుండా నామాన్ని క్రియగా వాడే స్వేచ్ఛ విస్తరించింది. షేక్స్పియర్ 'రెండవ రిచర్డ్' నాటకంలో అంకుల్ అన్న బంధువాచకాన్ని సైతం క్రియగా ప్రయోగించాడు. ఈ ప్రక్రియకు కన్వర్షన్ అన్న పేరు హెన్రీ స్వీట్ వ్యాకరణంలో (1891) కనబడుతుంది.

క్రియావిశేషణాల చరిత్ర మరింత చిక్కైనది. నేటి 'లీ' ప్రత్యయానికి మూలమైన 'లిచ్' శబ్దానికి దేహం, ఆకృతి అని అర్థం. దానితోపాటు విశేషణానికి 'ఎ'కారం చేర్చి క్రియావిశేషణం చేసే పద్ధతి కూడా ఉండేది: 'హెయర్డ్' విశేషణం, 'హెయర్డె' క్రియావిశేషణం. చివరి అచ్చు రాలిపోగా రెండూ 'హార్డ్' అయ్యాయి. 'హార్డ్లీ' వేరే దారి పట్టి 'అరుదుగా, దాదాపు లేదు' అన్న అర్థంలో స్థిరపడింది. కష్టపడి పనిచేశాడని చెప్పబోయి పట్టికను నమ్మి 'లీ' చేర్చిన విద్యార్థి దాదాపు పనే చేయలేదని చెప్పినవాడవుతాడు. విశేషణ రూపాలను క్రియావిశేషణాలుగా వాడడాన్ని రాబర్ట్ లౌత్ 1762 నాటి వ్యాకరణంలో తప్పుపట్టాడు. హార్డ్, ఫాస్ట్ వంటివి మాత్రం విశేషణాలను అరువు తెచ్చుకున్నవి కావు, ప్రాచీన క్రియావిశేషణాలకే వారసులు.

పదాంతం చేయలేని పనిని కొన్నిచోట్ల ఊనిక చేసింది. లెవిన్స్ 1570లో కూర్చిన నిఘంటువులో రెబెల్, రికార్డ్, అవుట్‌లా అన్న మూడింటిలోనే నామ క్రియల మధ్య ఊనిక భేదం ఉందని పరిశోధకులు లెక్కించారు; తరువాత ఆ సంఖ్య బాగా పెరిగింది. మరోచోట పయనం వెనుకకు సాగింది: ఎడిటర్ ముందు వచ్చింది, దానినుండి ఎడిట్ అన్న క్రియను 18వ శతాబ్ది చివర తీశారు.

కొత్త క్రియలకు స్వాగతమే లభించిందనుకోరాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789 డిసెంబరులో నోవా వెబ్‌స్టర్‌కు రాసిన లేఖలో నోటీస్, అడ్వొకేట్, ప్రోగ్రెస్ పదాలను క్రియలుగా వాడడంపై ఆక్షేపణ తెలిపాడు. ఆ మూడూ నేడు నిరాక్షేపణీయమైన క్రియలే.

తెలుగు ఈ పదాలను గ్రహించిన తీరు గమనార్హం. సంస్కృత పదాలకు 'ఇంచు' చేర్చి వర్ణించు, ప్రకటించు అన్న భాష, ఆంగ్లపదాల విషయంలో ఎక్కువగా సహాయక్రియను ఆశ్రయించింది: ఫోన్ చేయు, ఎడిట్ చేయు, ఫెయిల్ అగు. ఫోన్ మూలంలో నామమా, ఎడిట్ క్రియా అన్న భేదం ఇక్కడ చెల్లదు. క్రియాత్వం మొత్తం 'చేయు', 'అగు'లదే. భాషాభాగానికి కంటికి కనబడే గుర్తు ఉండి తీరాలన్న తెలుగు విద్యార్థి అంచనాకు ఈ అలవాటే ఒక కారణం కావచ్చు.