కచేరీలో పొదుపు: తాటాకునుండి తెరమీది ఫైలువరకు

ఇంటిలో దీపము వృథాగా వెలుగుచున్నచో ఇంటిపెద్ద ఊరకుండడు. కుళాయి కారుచున్నచో ఇల్లాలు లేచి కట్టివేయును. ఆ ఇంటిపెద్దయే, ఆ ఇల్లాలే కచేరీలో అడుగుపెట్టిన పిదప, ఎవరును లేని గదిలో తిరుగుచున్న పంకాను చూచియు చూడనట్లు పోవుదురు. ఈ భేదము ఎట్లు పుట్టినది? శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల వ్రాతకోతల చరిత్రను ఒకమారు తిరుగవేసినచో కొంత బోధపడును.

వంశధార యొడ్డున నున్న శ్రీముఖలింగమే గాంగరాజుల నాటి కళింగనగరమని చరిత్రకారుల అభిప్రాయము. క్రీ.శ. 498లో మొదలైనదని చెప్పబడు గాంగశకము ననుసరించి తేదీలు వేసిన తామ్రశాసనములు ఈ సీమలో అనేకము దొరకినవి. ముఖలింగ శాసనముల లిపిని గిడుగు రామమూర్తి పంతులుగారు స్వయంకృషితో నేర్చి చదివిరి. ఇట్టి దానశాసనములలో గ్రామపు ఎల్లలు చెప్పునపుడు చింతచెట్టు, పుట్ట, చెరువు, వాగు పేర్కొనబడుచుండును. అనగా ఆనాటి కచేరీకి చెట్టును చెరువును సాక్షులు. సాక్షిని కాపాడుకొనక పత్రము నిలువదు.

రాగిరేకు రాజుల దానములకు. గ్రామకరణము నిత్యపు లెక్కకు తాటాకే ఆధారము. లేత ఆకును కోసి, ఉడికించి, ఆరవేసి, నునుపు చేసి, గంటముతో గీసి, మసి పూసినగాని అక్షరము కనబడదు. ఇంత శ్రమ గల ఆకుపై ఎవడును వ్యర్థముగా వ్రాయడు. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ఆ ఆకు ఏ గట్టుమీది తాటిచెట్టుదో వ్రాయువానికి తెలిసియుండెడిది. వస్తువు పుట్టినచోటు కంటికి కనబడునంతకాలము దానిపై చేతికి జాలి యుండును.

కుంఫిణీ దొరతనముతో కాగితపు దస్త్రములు పెరిగినవి. అయినను కాగితము చాలకాలము ఖరీదైన వస్తువే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున దానికి కరవు రాగా, వచ్చిన కవరుపై చిన్న చీటీ అంటించి మరల పంపు పద్ధతి సర్కారు కచేరీలలో పాదుకొన్నది. యుద్ధము ముగిసినను ఆ చీటీలు చాల ఏండ్లు నిలిచినవి. పాత గుమాస్తాలు గుండుసూదిని సైతము తీసి డబ్బీలో వేసికొనెడివారు.

అట్లని ఆ రోజులను స్వర్ణయుగ మనరాదు. అధికారి తలపై పంకా ఊగుటకు వెలుపల ఎండలో ఒక పేదవాడు త్రాడు లాగుచుండెడివాడు. గ్రామపు లెక్క యంతయు ఒక్క కుటుంబము చేతిలో నుండుటవలన రైతు పడిన బాధ తక్కువ కాదు. వంశపారంపర్యపు కరణీకము 1984లో రద్దైనపుడు చాలమంది సంతోషించిరి. ఆనాటి పొదుపు లేమివలన వచ్చినది. మన పొదుపు తెలివివలన రావలెను.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పని ప్రారంభించిన పిదప ఈ సీమ కచేరీలలో దీపములు, పంకాలు పెరిగినవి. మీట నొక్కిన గాలి వచ్చును. ఆ గాలి వెనుక నున్న జలాశయమునకై కొండలలోని గిరిజనులు తమ ఊళ్లు విడిచిన సంగతి మీట నొక్కువానికి తెలియదు. కాగితమును అంతే. ఎల్లకు ఆవలి రాయగడ చెంత 1962లో కాగితపు మిల్లు వెలసినది. మన తీరపు ఇసుకనేలల సరుగుడు నేడు కాగితపు గుజ్జునకు అమ్ముడుపోవుచున్నది. బస్సు కిటికీలోనుండి ఆ తోటలను చూచుచు కచేరీకి వచ్చినవారే, ఒక్క వాక్యము తప్పైనదని నాలుగు పుటలు మరల అచ్చు తీయుదురు. పుట్టినచోటు కంటిముందే యున్నను మనసునకు దూరమైనది. ఇంటికిని కచేరీకిని భేదము ఇక్కడనే పుట్టినది.

ఈ మరపునకు మూల్యము లేకపోలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు ఈ జిల్లాలను పీడించినవి. ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరగినవి. స్తంభములు విరిగి, దీపములు లేక, కచేరీలు చీకటిలో పనిచేసినవి. సముద్రము వేడెక్కుకొలది తీవ్రమైన తుపానుల బెడద పెరుగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన ఒక్క మీటతో తుపాను ఆగదు. కాని లక్షల మీటల లెక్క వేరు.

చక్కదిద్దు ప్రయత్నములు జరుగక పోలేదు. 2018 మొదలు 2021 వరకు విజయనగరము కలెక్టరుగా నున్న ఎం. హరిజవహర్‌లాల్‌గారు ఉద్యోగులను వెంటబెట్టుకొని మొక్కలు నాటించి, చెరువుల శుభ్రతకు తామే ముందు దిగిరి. ఒకప్పుడు ఈ రెండు జిల్లాలకును తల్లి జిల్లాయైన విశాఖలో, 2023 ప్రాంతమున, నగరపాలక సంస్థ సిబ్బంది సోమవారములందు సొంతవాహనములు విడిచి రావలెనను నియమము పెట్టుకొనిరి. కొన్ని ప్లాస్టికు వస్తువులపై 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధము వచ్చినది. ఎయిర్‌కండిషనరు 24 డిగ్రీల వద్ద మొదలు కావలెనను నిబంధన 2020 నుండి అమలులోనికి వచ్చినది.

ఉత్తరువు గోడకు అంటును. అలవాటు చేతికి అంటవలెను. మొక్క నాటిన దినమున అందరును ఛాయాచిత్రములో నుందురు. వైశాఖమాసపు ఎండలో దానికి చెంబెడు నీరు పోయువాడొక్కడే దానిని బ్రతికించును. ఆ పని ఎవరిదో పేరుతో నిర్ణయింపవలెను. చివర వెడలువాడు దీపములార్పవలెను. కాగితమునకు రెండు వైపులు గలవని గుర్తుంచుకొనవలెను. తెరపై చదివి తేల్చగల ఫైలును అచ్చు తీయరాదు. సమావేశమునకు సీసానీళ్లకు మారు కూజాయు గ్లాసులును చాలును. వీటి నన్నిటిని పై అధికారి తాను ముందు చేయవలెను. ఆయన గదిలో పంకా ఊరక తిరుగుచుండగా క్రిందివారికి సర్క్యులరు పంపినచో అది మరియొక కాగితము మాత్రమే.

ఈ ప్రసంగమును నేను పాత కార్యక్రమ పత్రముల వెనుకవైపున వ్రాసికొంటిని. చదువుటకు ఏ ఇబ్బందియు కలుగలేదు.