తెలుగు అక్షరం ఎవరి సొత్తు? ఓపెన్ సోర్స్, కీబోర్డు, నిత్యజీవిత సాంకేతికత: ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగు లిపి కంప్యూటర్‌లోకి ప్రవేశించిన తొలి దశాబ్దాల్లో అది వేర్వేరు సంస్థల ఫాంట్ల అధీనంలో ఉండేది. యూనికోడ్ ప్రమాణం, ఓపెన్ సోర్స్ పరికరాలు ఆ స్థితిని చాలావరకు మార్చాయి. ఈ వ్యాసం ఆ మార్పు చరిత్రను పరిశీలిస్తుంది. లైసెన్సు తెరచుకున్నంత మాత్రాన సాంకేతికత అందరి చేతికీ అందదనీ, కీబోర్డు, శిక్షణ, వృత్తి అనే సామాజికాంశాలు దాని వ్యాప్తిని నిర్ణయిస్తాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఓపెన్ సోర్స్, యూనికోడ్, ఫాంటు, కీబోర్డు, డీటీపీ, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

తెలుగులో పరిశోధన చేసినవారికి సుపరిచితమైన అనుభవం ఒకటుంది. ఎన్నో ఏళ్ల క్రితం డీటీపీ కేంద్రంలో టైపు చేయించిన సిద్ధాంతగ్రంథం ఫైలును ఇప్పటి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు. అందులోని ఒక్క బైటు కూడా చెరగలేదు. అయినా గ్రంథం చదవడానికి వీలుకాదు. దాన్ని చూపగల ఫాంటు ఆ యంత్రంలో లేకపోవడమే కారణం. తాను రాసిన వాక్యం తనకే చదవరాకుండా పోవడం కేవలం సాంకేతిక సమస్య కాదు. రాసినవారికీ రాతకూ మధ్య మూడో యజమాని ఒకరు ప్రవేశించారని అది తెలియజేస్తుంది. ఆ యజమాని ఎలా వచ్చాడు, అతని పట్టు ఎలా సడలింది, ఎవరి విషయంలో సడలలేదు అన్న ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

2. సీసపు టైపు నుంచి ఫాంటుకు

లెటర్‌ప్రెస్ కాలంలో ముద్రణాలయం సీసపు టైపును తూకం లెక్కన కొనేది. కొన్న తరువాత అది ముద్రాపకుని సొత్తు. అరిగేదాకా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కరిగించుకోవచ్చు. కంప్యూటర్ ఫాంటు విషయంలో ఈ సంబంధం తలకిందులైంది. కొన్నవారికి దక్కేది అక్షరం కాదు, షరతులతో కూడిన వినియోగపు అనుమతి మాత్రమే.

దీనికి తోడు సాంకేతిక పరిమితి ఒకటి ఉండేది. అప్పటి ఫాంట్లలో ఉన్న స్థానాలు 256. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిసిన తెలుగు రూపాలన్నీ అందులో ఇమడవు. కనుక రూపకర్తలు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు మరొకచోట పెట్టి, ఆ ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చారు. ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్నది ప్రతి సంస్థా విడివిడిగా నిర్ణయించుకొంది. ఒక సంస్థ ఫాంటులో కూర్చిన పాఠం మరొక సంస్థ ఫాంటులో చదవరాకపోవడానికి మూలం ఇదే.

ఉమ్మడి ప్రమాణం లేకపోవడం ఇందుకు కారణం కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లోనే ఇస్కీ ప్రమాణాన్ని ప్రకటించింది. అక్షరపు ఆకారాన్ని కాక అక్షరాన్నే భద్రపరచాలన్నది దాని సూత్రం. కానీ ప్రచురణరంగానికి తక్షణం కావలసింది కాగితంపై అందమైన ముద్ర. తరువాతి తరాలు ఆ పాఠాన్ని వెదకగలవా అన్నది అప్పటి విపణి అడిగిన ప్రశ్న కాదు.

3. స్వేచ్ఛ, ఉచితం

ఇదే కాలంలో అమెరికాలో సాఫ్ట్‌వేర్ యాజమాన్యంపై వేరొక చర్చ సాగుతున్నది. ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్, ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే వాడుకరులకు కబురు చేసేలా పాత ప్రోగ్రామును సవరించుకున్నాడు. కొత్తగా వచ్చిన జెరాక్స్ ప్రింటరుకు సోర్స్ కోడ్ అందకపోవడంతో ఆ చిన్న సవరణ కూడా సాధ్యపడలేదు. ఇటువంటి అనుభవాల నేపథ్యంలో 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్స్ (జీపీఎల్) వెలువడింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను విడుదల చేశాడు. వ్యాపారవర్గాలకు ఆమోదయోగ్యంగా ఉండేందుకు 1998లో ‘ఓపెన్ సోర్స్’ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. వాడుకోవడం, పరిశీలించి మార్చుకోవడం, పంచడం, మార్చినదాన్ని పంచడం అనే నాలుగు స్వేచ్ఛలు స్టాల్‌మన్ భావనకు పునాది.

ఇంగ్లీషులో ఒకే మాట ‘ఫ్రీ’ స్వేచ్ఛనూ, ఉచితాన్నీ సూచించడంవల్ల ఆ ఉద్యమం నిరంతరం వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. తెలుగులో ఈ రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. అయినా మన ఆచరణలో ఆ భేదం నిలవలేదు. అనుమతి లేని నకలు సీడీలు సులభంగా దొరికే వాతావరణంలో యాజమాన్య సాఫ్ట్‌వేర్ కూడా ‘ఉచితమే’ అనిపించింది. డబ్బు ఇవ్వకపోవడంతో బంధనం కనిపించలేదు. ఆ బంధనం బయటపడింది ఫాంటు మారినప్పుడే.

4. యూనికోడ్, స్వచ్ఛంద శ్రమ

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఇస్కీ అమరికే దీనికి ఆధారం. ‘క’ సంఖ్య 3093, పొల్లు 3149, ‘ష’ 3127. ఈ మూడూ వరుసగా ఉంటే ఏ ఫాంటైనా ‘క్ష’ అని చూపాలి. ఆకారం మారినా అక్షరం మారదు. యూనికోడ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కాదు, అదొక బహిరంగ ప్రమాణం. దాన్ని నిర్వహించే కన్సార్టియంలో పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల పాత్ర ప్రబలమైనది. అయితే ఆ ప్రమాణాన్ని తెలుగువారి నిత్యవ్యవహారంలోకి తేవడంలో స్వచ్ఛంద కార్యకర్తల కృషి గణనీయం.

2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన గౌతమి ఫాంటు సంస్థ సొత్తు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద అందుబాటులోకి వచ్చి లినక్స్ సంకలనాల్లో చేరాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ పాత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చింది. దాని ఆధారంగానే వీవెన్ ‘లేఖిని’ని నిర్మించాడు. ఒకరి కోడ్ మరొకరి కృషికి మెట్టు కాగలగడం బహిరంగ లైసెన్సు ఫలితమే. తరువాతి దశాబ్దంలో సిలికానాంధ్ర వెలువరించిన ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి. వాటిలో గిడుగు, గురజాడ పేర్లున్నవి ఉండడం సముచితం. రాతభాష కొందరి గుత్తసొత్తు కారాదని వాదించినవారి పేర్లవి.

5. ఎవరి వేళ్లకు అందిన స్వేచ్ఛ?

పై చరిత్రను విజయగాథగా ముగించడం సులభం. కానీ ఆ పరికరాలను ఎవరు నిర్మించారు, ఎవరికోసం నిర్మించారు అని అడిగితే చిత్రం మారుతుంది. లేఖిని వంటివి ఆర్.టి.ఎస్. అనే లిప్యంతరీకరణ పద్ధతిని అనుసరించాయి. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు తీర్చిదిద్దిన పద్ధతి అది. తెరపై ‘అమ్మ’ కనిపించాలంటే ఏ, ఎం, ఎం, ఏ మీటలు నొక్కాలి. ఇంగ్లీషు చదువుతో కంప్యూటర్‌కు చేరువైన ఉద్యోగికి, ప్రవాసాంధ్రునికి ఇది వరప్రసాదం. తెలుగు రాయడానికి ముందు రోమన్ లిపి రావాలన్న షరతు మాత్రం అందులో అంతర్గతంగా ఉంది.

డీటీపీ ఆపరేటరు మార్గం వేరు. అను వంటి ఫాంట్లతో వచ్చిన యాపిల్, మాడ్యులర్ కీబోర్డు అమరికలను అతడు లేదా ఆమె సాధనతో వేళ్లకు అలవరచుకున్నారు. ఆ నైపుణ్యానికి ఇంగ్లీషు పాండిత్యం అవసరం లేదు. పుటల లెక్కన కూలి వచ్చే ఆ వృత్తిలో వేగమే పెట్టుబడి. కొత్త కీబోర్డు నేర్చుకోవడమంటే కొన్ని నెలల ఆదాయాన్ని వదులుకోవడం. పైగా వారు పనిచేసే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. 2001లో వచ్చిన 7.0 కూర్పుతోనే దాని వికాసం దాదాపు ఆగిపోయింది. కనుక ఆ ఆపరేటరు పాత ఫాంటును అంటిపెట్టుకోవడం అజ్ఞానం కాదు, లెక్క చూసుకున్న వివేకం.

ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ మూడో మార్గం. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉండే ఈ అమరిక భారతీయ లిపులన్నింటికీ ఒకటే. దానికి రోమన్ లిపితో పనిలేదు. కానీ పాఠశాలలోనో, వృత్తిశిక్షణలోనో నేర్పనిదే ప్రమాణం జనంలోకి రాదు. లినక్స్‌లో వాడే ఎం17ఎన్ సంకలనంలో ఆర్.టి.ఎస్., ఇన్‌స్క్రిప్ట్‌లతో పాటు యాపిల్ అమరిక కూడా ఉంది. అంటే ఆపరేటరు వేళ్లను గుర్తుంచుకున్న కార్యకర్త ఎవరో ఉన్నారు. ఆ పనికీ, డీటీపీ కేంద్రానికీ మధ్య వంతెన వేయవలసింది సంస్థలు. లోపం అక్కడే ఉంది.

6. రెండు ఉదంతాలు

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపానికి సంబంధించిన ఒక తెలుగు అక్షరక్రమం సందేశంలో కనిపించగానే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 ద్వారా దాన్ని సరిచేసింది. లోపాలు ఓపెన్ సోర్స్‌లోనూ ఉంటాయి. భేదం వేరొక చోట ఉంది. ఆ కోడ్ మూసి ఉండడంవల్ల తెలుగు తెలిసిన ఇంజనీరు సైతం బయటినుంచి ఊహించగలడే కాని సరిదిద్దలేడు.

ఓపెన్ సోర్స్ పుటవిన్యాస సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ చాలాకాలం భారతీయ లిపులను సరిగా కూర్చలేకపోయింది. ఒమన్ దేశపు కార్యకర్తలు అరబిక్ అవసరంకోసం చేపట్టిన కృషి 2017 నాటి 1.5.3 కూర్పులో ఫలించింది. దానితో భారతీయ లిపులకూ దారి ఏర్పడింది. ఒక సమాజం తనకోసం చేసుకున్న మరమ్మతు మరో సమాజానికి అక్కరకు రావడం ఇక్కడ చూస్తాం. అయితే అందుకు దాదాపు పదిహేనేళ్లు వేచి ఉండవలసి వచ్చింది. తెలుగు ప్రచురణరంగం అంత అవసరంలో ఉండి కూడా ఆ పనిని ముందుగా చేపట్టలేదన్నది ఆత్మపరిశీలన చేసుకోవలసిన విషయం.

7. ముగింపు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలు సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను కోరాయి. పాత ఫాంటులో కూర్చిన పీడీఎఫ్‌లోనూ, స్కాన్ చేసిన పుటలోనూ కోరిన పదాన్ని వెదకలేం. ఆ గ్రంథం భద్రంగా ఉన్నా అందుబాటులో లేనట్లే. అందువల్ల తెలుగు శాఖలు యూనికోడ్ ప్రతిని తప్పనిసరి చేయడం మొదటి అడుగు. ఆ భారాన్ని పరిశోధకుని మీద, ఆపరేటరు మీద వదిలేయకుండా పరివర్తన పరికరాలను, శిక్షణను సంస్థలే సమకూర్చడం రెండో అడుగు. రెండోది లేని మొదటిది శాసనంగానే మిగులుతుంది.

సోర్స్ కోడ్ తెరచి ఉండడం స్వేచ్ఛకు అవసరమైన షరతే కాని చాలినది కాదు. తెలుగు అక్షరం ఈనాడు చట్టరీత్యా ఏ సంస్థ గుప్పిట్లోనూ లేదు. అది ఎవరి వేళ్లకు అందుతుందన్నది మాత్రం తరగతిగదిలోనూ, డీటీపీ కేంద్రంలోనూ ఇంకా తేలవలసి ఉంది.