చెరిపేయాలనుకున్న నాడి

టోక్యో, 1970ల తొలినాళ్లు. నిహోన్ కోడెన్ కంపెనీలో టకువో అఓయాగి అనే ఇంజినీరు ఒక గీతను గంటల తరబడి చూస్తున్నారు. గుండె ఎంత రక్తం తోడుతోందో పదే పదే రక్తం తీయకుండా, చెవితమ్మెలోంచి వెలుగు పంపి కొలవాలని ఆయన పంతం. రక్తంలోకి ఎక్కించిన రంగు పలచబడే తీరును ఆ గీత నున్నగా చూపాలి. చూపడం లేదు. నాడి కొట్టుకున్నప్పుడల్లా వణుకుతోంది.

ఆ వణుకును చెరిపేయడానికి ఆయన మరో రకం వెలుగును జోడించారు. రెండింటినీ లెక్కగట్టి వణుకును అణిచారు. కానీ రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే గీత మళ్లీ చెదిరింది!

అసలు సంగతి అప్పుడు తట్టింది. తాను వదిలించుకోవాలనుకున్న నాడే ఆక్సిజన్ లెక్క చెబుతోంది. ఆక్సిజన్ తగ్గిన రక్తం ఎర్రని వెలుగును ఎక్కువగా పీల్చుకుంటుంది. పరారుణ కాంతితో పోల్చితే శాతం తేలిపోతుంది. 1974లో పేటెంటుకు దరఖాస్తు. పల్స్ ఆక్సీమీటరు అలా పుట్టింది. కోవిడ్ వేళ 2020 ఏప్రిల్ 18న అఓయాగి కన్నుమూశారు.

దీనికీ, నంద్యాల జిల్లా ఆళ్లగడ్డకూ ఏం సంబంధం?

చాలా ఉంది. ఇక్కడి రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే రాయి కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటే ఊపిరితిత్తుల్లో మానని మచ్చలు పడతాయి. పొయ్యి పొగ, బీడీ పొగ తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ మరో ముప్పు. 2016 నాటికి దేశంలో దాని బాధితులు సుమారు 5.5 కోట్లని అంచనా.

ఆయాసానికి భయపడి మనిషి నడక మానేస్తాడు. కాళ్లలో కండ తగ్గుతుంది. దాంతో నాలుగడుగులకే ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఈ విషవలయాన్ని తెంచేది పల్మనరీ రిహాబిలిటేషన్: నిపుణుల పర్యవేక్షణలో వారానికి రెండు మూడుసార్లు, కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల వ్యాయామం. అన్నిసార్లు ఆళ్లగడ్డ నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాలకు బస్సులో వెళ్లి రావడం ఊపిరాడని మనిషి వల్ల అయ్యే పనేనా?

ఇంటి దగ్గరే అయితే కుదురుతుంది. వేలికి ఆక్సీమీటరు, ఒంటిమీద అడుగులు లెక్కించే సెన్సరు, చేతిలో ఫోను. అవతల ఫిజియోథెరపిస్టు అంకెలు చూస్తూ, “పెద్దాయనా, కాసేపు నిలబడండి. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊదండి. ఆయాసం పదిలో ఎంతుంది?” అని అడగొచ్చు. ఆ ప్రశ్న తప్పనిసరి. నల్లని చర్మంపై ఆక్సీమీటరు ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఇది ఉత్త ఆశ కాదు. 15 అధ్యయనాల్లోని 1,904 మందిని పరిశీలించిన 2021 నాటి కాక్రేన్ సమీక్షలో, దూరం నుంచి చేయించిన వ్యాయామం ఆసుపత్రిలో చేయించినదానికి దీటుగా నిలిచింది. ఇంటి నుంచి చేసినవారిలో 93 శాతం మంది చివరిదాకా సాగారు. ఆసుపత్రికి వెళ్లినవారిలో 70 శాతమే.

చిత్తూరు జిల్లా అరగొండ 2000లోనే ఉపగ్రహంతో పెద్దాసుపత్రికి అనుసంధానమైన రాష్ట్రం మనది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. రాయిపై నీళ్లు చల్లుతూ కోయడం, సరైన మాస్కు మొదటి రక్షణ. ఇప్పటికే ఊపిరి చెడినవారికి నంద్యాల వైద్యం ఆళ్లగడ్డ గడపదాకా రావాలి. దేవుళ్లకు రూపమిచ్చే చేతులకు అది మనం తీర్చాల్సిన బాకీ.