నల్లగొండ సీమలో తెలుగు భాషోద్యమం - స్థానిక పాలన

భాష మనుగడకు మాట్లాడేవారి సంఖ్య ఒక్కటే చాలదు. ఆ భాషలో వ్రాసిన అర్జీ కచేరీలో చెల్లాలి. నిజాం రాష్ట్రంలో ఇతర భాషీయులకన్నా తెలుగువారే అధికం. అయినా పాలనాభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. ఉర్దూ రాని ఆలేరు ప్రాంతపు రైతు, కచేరీ కాగితంలో ఏముందో తెలుసుకోవడానికి మరొకరిని ఆశ్రయించక తప్పేది కాదు.

1921 నవంబరు 12న హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణంలో, కర్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో ప్రసంగింపబోగా సభికులు గేలిచేశారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. అవమానం సంస్థగా రూపొందడానికి పూర్వరంగం అప్పటికే సిద్ధమై ఉంది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుండి పనిచేస్తున్నది. 1922లో షబ్నవీసు వేంకట రామనరసింహారావు నల్లగొండ నుండి ‘నీలగిరి’ పత్రికను వెలువరించారు.

ఆంధ్ర మహాసభ రెండవ సమావేశం 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన దేవరకొండలో జరిగింది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన పదకొండవ సమావేశం జరిగిన భువనగిరి, ఆలేరు ఉన్న రైలుమార్గంలోనిదే. అప్పటికి మహాసభ చర్చ భాషను దాటి వెట్టి, భూమి సమస్యల వరకు విస్తరించింది. ఇది భాషను విడిచిపెట్టడం కాదు; తన కష్టాన్ని తన మాటల్లో చెప్పుకునే హక్కుకు అది కొనసాగింపు.

ఈ సంస్థలు పాఠకులను తయారుచేయగలిగాయి; కచేరీ భాషను మార్చే అధికారం మాత్రం వాటికి లేదు. ఆ అధికారం 1966 నాటి ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టంతో ప్రభుత్వానికి సంక్రమించింది. 2018 నాటి తెలంగాణ చట్టం పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. బడిలో నేర్చిన భాష కార్యాలయంలో అక్కరకు రాకపోతే ఆ చదువు పరీక్షతోనే ముగుస్తుంది.

స్కాట్లండులో 2005 నాటి గేలిక్ భాషా చట్టం కింద స్థానిక మండళ్లు కూడా తమ భాషాప్రణాళికలను రూపొందించాయి. చట్టం రాజధానిలో పుట్టినా, దాని అమలు ఊరి కార్యాలయంలో తేలుతుందన్నది అక్కడి అవగాహన. 2018లో పురపాలక సంఘంగా మారిన ఆలేరుకూ ఇది వర్తిస్తుంది. పన్ను నోటీసు, జనన ధ్రువపత్రం, సభాతీర్మానం పౌరుడు స్వయంగా చదువుకోగల తెలుగులో వెలువడినప్పుడే 1921లో మొదలైన పని పూర్తవుతుంది.