చైత్రమున చలివేంద్రము

చైత్రశుద్ధ పాడ్యమినాడు వేపపూత పచ్చడి నాలుకకు సోకించుటయు, గుడి మంటపమున సిద్ధాంతిగారు ఆదాయవ్యయములు, రాజపూజ్యావమానములు చదువగా ఊరివారు చెవియొగ్గి వినుటయు తెలుగువారందఱెఱిగిన సంగతులే. ఆనాడే మొదలిడవలసినదని ధర్మశాస్త్రకారులు విధించిన మఱియొక కార్యము మాత్రము పంచాంగశ్రవణపు సందడిలో మఱుగుపడినది. అది ప్రపాదానము, అనగా చలివేంద్రము పెట్టుట. 1612లో కమలాకరభట్టు రచించిన నిర్ణయసింధువు పురాణవచనముల నాధారముగాగొని, ఫాల్గుణము గడచి చైత్రము ప్రవేశించినతోడనే పందిరివేసి నాలుగు మాసములు జలమొసగవలెననియు, ఆ ప్రప సర్వభూతములకును సామాన్యమని పలికి దానము చేయవలెననియు చెప్పుచున్నది. అంతటి స్తోమత లేనివాడు మూతికి వస్త్రము చుట్టిన చల్లని నీటికుండను దినమునకొకటి చొప్పున బ్రాహ్మణుని యింటికి పంపి, ధర్మఘటదానముతో తృప్తి పడవచ్చునట. సర్వభూతములనుండి ఒక్క బ్రాహ్మణుని గడపకు ధర్మమెంత వేగముగా కుదించుకొనిపోయినదో పాఠకులు గమనింతురు గాక.

దారిన పోవువాని దప్పిక తీర్చవలెనను బుద్ధి ఈ గ్రంథముకంటె మిక్కిలి ప్రాచీనము. మార్గములయందు నూతులు త్రవ్వించి చెట్లు నాటించితిననియు, అవి పశువులకును మనుష్యులకును ఉపయోగపడుటకేయనియు క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దిలో అశోకుడు చెక్కించిన మాట గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి బండలపై నేటికిని ఉన్నది. శకక్షత్రపుడగు నహపానుని అల్లుడు ఉషవదాతుడు నదులకు ఇరుగట్టులను సభలను ప్రపలను ఏర్పఱచితినని నాసికు గుహలో చెప్పుకొనెను. ఏడవ శతాబ్దిలో బాణభట్టు హర్షచరితమున వింధ్యాటవిలోని పల్లెత్రోవల ప్రపలను కన్నులార చూచినవానివలె వర్ణించెను. అయినను ఈ శాసనములందు నిలిచినవి కట్టించినవారి పేరులే గాని, ఎండలో నిలిచి నీరు పోసినవారి ఊసు వానిలో లేదు.

ఆ మనిషిని మనకు చూపినది సాతవాహనుడగు హాలుని పేర వెలసిన గాథాసప్తశతి. అందలి యొక ప్రాకృతగాథలో బాటసారి దోసిలిపట్టి, కన్నులు పైకెత్తి చూచుచు, వ్రేళ్లు సడలించి నీటిని జాఱవిడుచుచుండ, నీరు పోయు పడుచు ధారను అంతకంతకు సన్నము చేయును. దప్పిక నెపమాత్రమే, ఆ పానము శీఘ్రముగా ముగియకుండుటయే ఇరువురకును కావలసినది. ఆ శాసనములకు చిక్కని వ్యక్తి శృంగారగాథకు చిక్కుట చిత్రమే. కాని ఆమె మూలముననే, ఆనాటి ప్రపలలో స్త్రీలు నీరు పోసెడివారనియు, త్రాగువారికి పాత్ర గాక దోసిలియే వాడుకయనియు మనకు తెలియుచున్నది.

మన పూర్వులు సప్తసంతానములని లెక్కించినవానిలో చెఱువున్నది, వనమున్నది, గుడియున్నది, అగ్రహారమున్నది, నిధియున్నది, కృతియున్నది, కుమారుడున్నాడు, చలివేంద్రము లేదు. కారణము ఊహింపవచ్చును. తక్కినవన్నియు కర్త గతించినను నిలిచి అతని పేరు చెప్పునవి; చలివేంద్రమో, తొలకరి రాగానే గుంజలూడబీకి తాటాకులు దడికి వాడుకొనగా ఏ జాడయు లేక పోవునది. చెఱువును ఒకమాఱు త్రవ్వించి కీర్తి పొందవచ్చును గాని, చలివేంద్రమును ప్రతిదినము మరల పెట్టవలసినదే. అందుచేతనే ఇది ధనికుని దానముకంటె పాటుపడువాని దానమని నా యభిప్రాయము.

పల్లెలలో నిన్నమొన్నటివఱకు కనబడిన పందిరిని కొంచెము దగ్గఱకుపోయి చూతము. నాలుగు గుంజలు, పైని తాటాకు కప్పు, నడుమ పోసిన ఇసుక. ఆ ఇసుకను తడిపి బానలను సగమువఱకు పాతి, చుట్టును తడిగోనె కప్పి, లోన గుప్పెడు వట్టివేళ్లు వేసి, మూతమీద ముంత బోర్లింతురు. బాన ఏటేటను క్రొత్తదే కావలెను. ఏలయన మంటి రంధ్రములనుండి నీరు చెమర్చి ఆవిరియగుటచేతనే లోని నీరు చల్లబడును, ప్రాతబానకు ఆ రంధ్రములు పూడిపోవుటచే అది చెమర్పదు. కనుక దాత ఎవరైనను, కుమ్మరి చేయిలేక చలివేంద్రము లేదు. వేకువనే తోడి కావళ్లతో మోసి నింపిన నీరు మిట్టమధ్యాహ్నమునకు చల్లనగును. ఎండెక్కిన పిదప నింపిన నీరు పేరునకే చలివేంద్రపు నీరు. కలిగినయూళ్లలో అల్లము, కరివేపాకు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగయు, రాయలసీమలో అంబలియు పోయుట కలదు.

ఇంత చక్కని యేర్పాటులో ఒక మచ్చ. అగ్రవర్ణములవారికి ముంతతో దోసిట పోసిన చేయియే, అంటరానివారని త్రోయబడినవారికి వెదురు గొట్టపు ఒక కొసను నీరు పోసి, రెండవ కొసను దోసిలి పట్టుమనెడిది. రైలుస్టేషన్లలో హిందువులకు వేఱు, మహమ్మదీయులకు వేఱు నీటికుండలుండిన కాలమును ఎఱిగిన ముదుసళ్లు నిన్నటివఱకు ఉండిరి. సర్వభూతసామాన్యమను ఆ దానవాక్యమును చదివినవారు గొట్టపు రెండవ కొస వంక చూడలేదు.

పాడ్యమినాడు వేసిన పందిరి నవమినాటికి పెరిగి శ్రీరామనవమి పందిరియగును. వీధివీధిని చందాలెత్తుట, బెల్లము కొట్టుట, మిరియాలు నూఱుట, పెసరపప్పు నానవేయుట, గంగాళముల పానకము కలిపి వచ్చినవారికెల్ల పోయుట, రాత్రి హరికథకు చాపలు పఱచుట, ఇదంతయు వీధి కుఱ్ఱవాండ్రు కూలికోరక చేసిన పనియే. కోరుకొండ ప్రాంతపు భక్తులు భద్రాద్రి తలంబ్రాలకై వడ్లను రోకలి తాకింపక గోళ్లతో ఒలిచి పంపుట ఈ జాతి శ్రమకు మేలిమి యుదాహరణము. ఈ వసంతకాలపు సేవాభ్యాసమునకు రాజకీయరూపము నిచ్చినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో, ఉగాదికి కొలదిదినముల ముందు, బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమై గాంధీని చూడవచ్చిన జనము పట్టణమున పట్టకుండ పోయినపుడు, ఆ జనసముద్రమును అదుపుచేసినవారు గోపాలకృష్ణయ్య కూర్చిన రామదండు అను స్వచ్ఛంద దళపు సేవకులు. ఆయన దండునకు రాముని పేరు పెట్టుట యాదృచ్ఛికము కాదనుకొందును. నవమి పందిళ్లలో పని నేర్చిన జనమునకు ఆ పేరు వేఱుగ వివరింప నక్కఱలేదు.

నేడు పురపాలక సంఘములు, వర్తక సంఘములు, రాజకీయ పక్షములు, సినిమా నటుల అభిమాన సంఘములు కూడలికొక చలివేంద్రము పెట్టుచున్నవి. సంఖ్యకు లోటులేదు. ప్రారంభోత్సవమునాడు రిబ్బను, మజ్జిగ ప్యాకెట్లు, ఫోటోలు. పక్షము తిరుగునప్పటికి బ్యానరు నిండుగను, కుండ వట్టిదిగను కనబడుట సర్వసాధారణము. లోపము ధనమున లేదు, వేకువనే లేచి నింపు మనిషి లేడు.

కావున ఈ చైత్రమున చందా నడుగవచ్చినవారికి రూపాయలిచ్చి ఊరకుండక, వారమున కొక వేకువ మీ వీధి కుండను నింపుట మీ వంతుగా అడిగి పుచ్చుకొనుడు. పందిరి గుంజకు వంతులవారి పేరులు వ్రాసిన పలక నొకదానిని కట్టుడు. దాత పేరు దాని క్రింద ఉండనిండు.